హమైకా అంటే గోంగూరే

మేం మెక్సికో సిటీకి వచ్చింది 2021 చివర్లో, మా ఆయన ఉద్యోగం వల్ల. వచ్చేముందు మూడు నెలలు ఫోన్లో యాప్ పెట్టుకుని రోజూ అరగంట స్పానిష్ నేర్చుకున్నా. ఆ యాప్ నాకేం నేర్పిందంటే ఏనుగు పాలు తాగుతుంది, మామయ్య గొడుగు ఎర్రగా ఉంది, ఇలాంటివి. ఇన్నేళ్ళలో నాకు ఒక్క ఏనుగూ తగల్లేదు, గొడుగు రంగు ఎవ్వరూ అడగలేదు. వచ్చిన వారంలో నాకు కావాల్సొచ్చిన మాట ఏంటంటే "బాత్రూమ్ గోడలోంచి నీళ్ళు కారుతున్నాయండీ, ఎవరినైనా పంపండి" అని. అది యాప్‌లో లేదు.

ఎదురు ఫ్లాట్‌లో ఒక పెద్దావిడ ఉంటారు, డెబ్భై దాటిన మనిషి. చేతులతో సైగలు చేసి గోడ చూపించి నా బాధ చెప్పుకుంటే ఆవిడ మొత్తం విని "రేపు మయేస్త్రో వస్తాడు" అన్నారు. మయేస్త్రో అంటే టీచర్ అని నాకు తెలుసు, యాప్ పుణ్యమా అని. అయ్యో పాపం, ఈ పిల్లకి భాష రావట్లేదని స్పానిష్ టీచర్‌ని మాట్లాడారు కాబోలు, ఎంత మంచావిడ అనుకుని పొద్దున్నే తలస్నానం చేసి, మంచి చుడీదార్ వేసుకుని, కొత్త నోట్‌బుక్కూ పెన్నూ టేబుల్ మీద పెట్టుకుని కూర్చున్నా. తలుపు తీస్తే సిమెంట్ బకెట్‌తో, చేతిలో తాపీతో ఒకాయన నిలబడి ఉన్నాడు. మయేస్త్రో అంటే బడి పంతులే కాదు, తాపీ మేస్త్రీ కూడా!

ఆయన గోడ పగలగొడుతుంటే నేను ఆ నోట్‌బుక్ ముందేసుకుని ఆలోచిస్తూ కూర్చున్నా. మన మేస్త్రీ పోర్చుగీసు వాళ్ళ మెస్త్రే నుంచి వచ్చిందే కదా, ఇది దాని అన్నో తమ్ముడో. వాస్కోడగామా 1498లో కాలికట్‌లో దిగింది మొదలు వాళ్ళు మన ఇళ్ళల్లో వదిలేసిపోయిన సామాను అంతా ఇంతా కాదు. ఆ రోజు మొదలుపెట్టి అలాంటి మాటలన్నీ ఆ నోట్‌బుక్‌లో రాసుకోవడం అలవాటైంది. బొత్తాం ఇక్కడ బొతోన్. అలమార అర్మార్యో. తువ్వాలు తొఆయా. చర్చిలో పాదిరి పాద్రే. యాప్‌లో నెల రోజులు బట్టీ పట్టినా ఎక్కని మాటలు, మా అమ్మమ్మ నోట్లో ఉన్న మాటకి చుట్టం అని తెలియగానే ఇక పోవు.

ఒక్కోసారి చుట్టరికం నమ్ముకుని దెబ్బ తినడమూ ఉంది. 2024 మొదట్లో సిటీకి నీళ్ళిచ్చే కుట్సమాలా డ్యాముల్లో నీళ్ళు బాగా తగ్గిపోయి మా వీధిలో కుళాయిలు ఎండిపోయాయి. బిల్డింగ్ వాట్సాప్ గ్రూప్‌లో "సాయంత్రం పీపా వస్తుంది" అని మెసేజ్. పీపా! మన పీపానే కదా, ఓ డ్రమ్ముడు నీళ్ళు పంపుతారు కాబోలు, పన్నెండు ఇళ్ళకి ఒక పీపా ఏం సరిపోతుంది అని మా ఆయన దగ్గర గంటసేపు గొణిగా. తీరా చూస్తే వచ్చింది ట్యాంకర్ లారీ. ఇక్కడ పీపా అంటే లారీ మీదున్న పీపా అన్నమాట. చిన్నప్పుడు తెనాలిలో ఎండాకాలం ట్యాంకర్ వస్తే బిందెలు పట్టుకుని పరిగెత్తిన అలవాటు ఉంది కాబట్టి అందరికంటే ముందు నేనే కిందికి దిగా, ఇక్కడ గొట్టం నేరుగా కింద సంపులో పెట్టేస్తారని తెలీక రెండు బకెట్లు కూడా పట్టుకెళ్ళా.

నోరు తిరగడం విషయంలో మాత్రం మనకి చాలా సుఖం. వీళ్ళ త మన త, వీళ్ళ ద మన ద. మాటలు చాలావరకు అచ్చుతోనే ఆగుతాయి. చిన్నప్పుడు పలక మీద ఞ దిద్దించి దిద్దించి చంపారు, ఇది ఎక్కడ వాడతాం మాస్టారూ అంటే ఆయనకే తెలీదు, ఇదిగో ఇక్కడ వాడుతున్నా. రేపు అంటే మఞానా, చిన్నపిల్లాడు నీఞో. అలాగే మనం పారేసుకున్న బండి ఱ కూడా వీళ్ళ దగ్గర భద్రంగా ఉంది. పేరో అంటే "కానీ", అదే ఱ గట్టిగా దొర్లించి పేఱ్ఱో అంటే కుక్క. మా స్పానిష్ క్లాసులో ఉన్న అమెరికన్ అమ్మాయికి ఆ ఱ ఎంతకీ రాక ఏడుపొక్కటే తక్కువ, నాకేమో మొదటిరోజే వచ్చేసింది, వచ్చిందన్న సంబరంలో అన్నిచోట్లా దొర్లించేశా. కాఫీ షాపులో "కాఫీ కావాలి, కుక్క చక్కెర లేకుండా" అని ఒక నెలపాటు అడిగానట. కౌంటర్ దగ్గర కుర్రాడు ఒక్కసారి కూడా నవ్వలేదు, పైగా చక్కెర లేకుండానే ఇచ్చాడు, వాడు చల్లగా ఉండాలి.

ఇంకో పరువు తక్కువ పని కూడా చెప్పేస్తా. ఊరెళ్ళి వచ్చేటప్పుడు ఆఫీసులో అందరికీ దూద్ పేడా డబ్బాలు తెచ్చా. ఏంటిది అన్నారు. "పేడా, ఇండియా పేడా, మా అమ్మ పంపింది, అందరూ తీసుకోండి" అని గట్టిగా చెప్పా. ఫ్లోర్ అంతా ఒక్క క్షణం నిశ్శబ్దం, తర్వాత నవ్వులు ఆగలేదు. ఇక్కడ పేదా అంటే ఒళ్ళు తెలియకుండా తాగే పార్టీ అట. మా అమ్మ పంపిందట అది. తెలుగులో దాన్ని ఇంకాస్త పొట్టిగా పలికితే ఏమవుతుందో కూడా వాళ్ళకి చెప్దామనుకుని, వద్దులే తింటున్నారు కదా అని ఊరుకున్నా.

ఇక అఓరీతా. మెక్సికోలో ఉండి దీని గురించి చెప్పకపోతే తప్పు. అఓరా అంటే ఇప్పుడు, దానికి చిన్నతోక తగిలిస్తే అఓరీతా, అంటే ముద్దుగా "ఇప్పుడే". గ్యాస్ కుర్రాడు అఓరీతా అంటే సాయంత్రం, ఆఫీసులో అఓరీతా అంటే ఎల్లుండి, చుట్టాలు అఓరీతా అంటే ఇక రారు. మనకిది కొత్తేం కాదు, టవల్ కట్టుకుని పళ్ళు తోముకుంటూ "బయల్దేరిపోయా, దారిలో ఉన్నా" అనే జాతి మనది. నన్ను తికమక పెట్టింది వేరే మాట. ల్వేగో అంటే తర్వాత. సరే. మరి ల్వేగో ల్వేగో అంటే? తర్వాత తర్వాత, అంటే ఇంకా ఆలస్యం అనుకుంటాం కదా, కాదు, తక్షణం అని! ఒకసారి అంటే తర్వాత, రెండుసార్లు అంటే వెంటనే. డాక్టర్ మందు రాసి "తిన్న తర్వాత ల్వేగో ల్వేగో వేసుకోండి" అంటే నేను రెండు గంటలాగి వేసుకునేదాన్ని. మన భాషలో ఇప్పుడిప్పుడే, వెంటవెంటనే, పోనీ పోనీ అని రెండేసి మాటలు వాడుతూ పెరిగినదాన్ని, నాకు తట్టాల్సింది.

కొన్ని మాటలు మాత్రం భయంతో ఎక్కుతాయి. సెప్టెంబర్ 19 ఈ ఊరికి మామూలు తారీఖు కాదు. 1985లో ఆ రోజే పెద్ద భూకంపం, మళ్ళీ 2017లో అదే రోజు ఇంకోటి. అందుకని ప్రతి ఏడూ ఆ రోజున స్తంభాల మీద స్పీకర్లు మోగించి అందరినీ వీధుల్లోకి రప్పించి ప్రాక్టీస్ చేయిస్తారు, దాన్ని సిములాక్రో అంటారు. మేం వచ్చాక మొదటి సెప్టెంబర్ అది, 2022. మధ్యాహ్నం 12:19కి సైరన్ మోగింది, అందరం దిగాం, సెల్ఫీలు కూడా దిగాం, ఎక్కాం. నేను పప్పు పొయ్యి మీద పెట్టా. 1:05కి మళ్ళీ సైరన్. సిములాక్రో రెండోసారి కూడా చేస్తారేమో, ఈసారి దిగనులే అని పోపు వేస్తున్నా, ఎదురింటావిడ తలుపు బాదుతూ ఒకటే అరుపు, "దె బెర్దాద్! దె బెర్దాద్!" అని. అప్పటికి పైన లైటు ఊగుతోంది. దె బెర్దాద్ అంటే నిజంగా, ఉత్తుత్తిది కాదు అని. నాకు ఆ మాట ఎవరూ నేర్పక్కర్లేకపోయింది. ఇప్పటికీ ఎవరైనా మామూలుగా కబుర్లలో దె బెర్దాద్ అంటే నా కళ్ళు ముందు పైకి, లైటు వైపు పోతాయి.

ఆవిడతో స్నేహం గట్టిపడింది ఆ రోజు నుంచే. తర్వాత కొన్నాళ్ళకి లిఫ్ట్ దగ్గర కనపడి "శనివారం సు కాసాలో కొమీదా, మా పిల్లలు మనవలు అందరూ వస్తున్నారు" అన్నారు. సు కాసా అంటే మీ ఇల్లు. కొమీదా అంటే మధ్యాహ్న భోజనం. అంటే ఆవిడ పిల్లలూ మనవలతో సహా శనివారం మా ఇంటికి భోజనానికి వస్తున్నారు! అడగకుండానే! నేను నవ్వు మొహంతోనే సరేనండీ అని, లోపలికొచ్చి మా ఆయనతో "ఈ ఊళ్ళో ఇలా కూడా చేస్తారా, వాళ్ళంతట వాళ్ళే పిలుచుకుంటారా" అంటే ఆయన "ఏమో, భూకంపంలో కాపాడింది కదా, పెట్టు" అన్నారు. శుక్రవారం రాత్రి నుంచి మొదలుపెట్టా. పన్నెండు మందికి పులిహోర, వంకాయ కూర, కారం తగ్గించి చికెన్ వేపుడు, పాయసం. సోఫా కవర్లు ఉతికా. పక్క ఫ్లాట్ వాళ్ళ దగ్గర కుర్చీలు అరువు తెచ్చా. ఒంటిగంటకి రెడీ. రెండయింది, ఎవరూ లేరు. సరే ఇక్కడ భోజనాలు లేటు కదా. మూడయింది. ఎదురు ఫ్లాట్‌లోంచి మాత్రం ఒకటే సందడి, పిల్లల గోల, పాటలు. ఇంత అన్యాయమా, నాకు చెప్పి మర్చిపోయారా అని కళ్ళల్లో నీళ్ళు తిరుగుతుండగా మూడుంపావుకి ఆవిడ మనవడొచ్చి తలుపు కొట్టి "అమ్మమ్మ మీకోసం చూస్తోంది, సూప్ చల్లారిపోతోందట" అన్నాడు.

విషయం ఏంటంటే వీళ్ళు మర్యాద కోసం తమ ఇంటినే "మీ ఇల్లు" అంటారు. "మీ ఇంట్లో భోజనం" అంటే "మా ఇంట్లో, అదే, మీ ఇల్లే అనుకోండి" అని. మనమూ అంటాం కదా, మీ ఇల్లే అనుకోండీ అని, కానీ ఆ అనుకోండి ఉంటుంది, అదే మనల్ని కాపాడుతోంది, ఆ ఒక్క మాట తీసేస్తే ఇదిగో నా గతి. అంత పులిహోర డేక్సా మా ఆయనా నేనూ చెరో చెవీ పట్టుకుని ఎదురింటికి మోసుకెళ్ళాం. నా ఏడుపు మొహం, డేక్సా, అరువు కుర్చీలు చూసి ఆవిడకి సంగతి అర్థమై కూలబడి నవ్వారు. పులిహోర మాత్రం ఒక్క మెతుకు మిగల్లేదు, పైన నిమ్మకాయ పిండుకుని, సల్సా వేసుకుని తిన్నారు, చూడలేక కళ్ళు మూసుకున్నా. అక్కడే నేర్చుకున్నా, ఇంట్లో పెద్దవాళ్ళు పిలిస్తే "ఏంటి" అనకూడదు, "మాందే" అనాలి, అంటే ఆజ్ఞాపించండి అని. బానిస మాట అని కొంతమంది ఈ కాలం వాళ్ళు ఒప్పుకోరు గానీ నాకు మాత్రం ఆ ఏడేళ్ళ మనవడు గేమ్ ఆడుకుంటూ తలెత్తకుండా "మాందే" అంటుంటే మా ఇంట్లో "ఆఁ అంటావేంటే, అండీ అని పలుకు" అని మొట్టికాయ పడిన రోజులు గుర్తొచ్చాయి.

పోయినేడు అమ్మా, అత్తయ్యా ఇద్దరూ వచ్చి మూడు నెలలున్నారు. ఇద్దరికీ స్పానిష్ ముక్క రాదు. నా నోట్‌బుక్ నిండింది మాత్రం ఆ మూడు నెలల్లోనే.

మా వీధిలో బుధవారం సంత పెడతారు, త్యాంగిస్ అంటారు, ఇది స్పానిష్ కూడా కాదు, అంతకు ముందునుంచీ ఇక్కడున్న నావాట్ల్ అనే భాషలో మాట. ఇద్దర్నీ తీసుకెళ్ళా. నేను కొత్తలో ఇక్కడ తొమాతే కిలో అడిగితే పైన కాగితం లాంటి పొరలున్న పచ్చ కాయలు పోశారు, ఎర్రది కావాలంటే హితొమాతే అనాలి, ఇదంతా గొప్పగా వివరిస్తూ నడుస్తున్నా, వెనక్కి చూస్తే అమ్మ లేదు. ఒక బస్తా ముందు చతికిలబడి కూర్చుంది. బస్తాలో ముదురెరుపు ఎండుపూలు. నాకవి తెలుసు, హమైకా, నీళ్ళల్లో మరిగించి చక్కెర వేసి చల్లగా తాగుతారు, ఇక్కడ ప్రతి హోటల్లో ఉంటుంది, నేను కొన్ని వందల గ్లాసులు తాగుంటా. అమ్మ ఒక పువ్వు నోట్లో వేసుకుని నమిలి నా వైపు చూసి "గోంగూరే ఇది" అంది. నేను నవ్వా. "నవ్వుతావేంటే, గోంగూర పువ్వు, ఎండబెట్టారు, చెట్టుకి కాయ చుట్టూ ఎర్రగా ఉంటుందే, అది" అంది. ఇంటికొచ్చి వెతికితే నిజంగానే ఒకే మొక్క, ఎర్ర గోంగూర. గుంటూరు జిల్లాలో పుట్టి, మూడేళ్ళకి పైగా గోంగూర లేదు గోంగూర లేదు అని ఏడుస్తూ, రోజూ గోంగూర షర్బత్ తాగుతూ బతికానన్నమాట. ఆ రాత్రే అమ్మ ఆ పూలు నానబెట్టి ఎండుమిరపకాయలు వేసి నూరింది. ఆకు పచ్చడి రుచి కాదు, అబద్ధం చెప్పను, కానీ ఆ పులుపు ఆ పులుపే.

తర్వాత వారం నుంచి నేను గైడ్‌ని కాదు, అమ్మే గైడు. బెర్దొలాగాస్ అని నేను పేరు చదివి దాటెళ్ళిపోయేదాన్ని, ఆవిడ చూసి "గంగవాయిలి కూర, పప్పులోకి తీసుకో" అంది. వేరుశనక్కాయల్ని కకవాతే అంటారు అని చెప్తే, అంటే ఏంటట అంది. నేల కోకో అనే అర్థం వచ్చే పాత నావాట్ల్ మాటలోంచి వచ్చిందమ్మా అంటే "మనం వేరు శనగ అన్నాం, వాళ్ళు నేల కోకో అన్నారు, ఎవరికి తెలిసినదాంతో వాళ్ళు పోల్చుకున్నారు" అంది అత్తయ్య. సపోటా చికొసపోతే అని అర్థమైంది గానీ, ఆ చెట్టు పాలనే చీక్లే అంటారనీ, చూయింగ్ గమ్ మొదట్లో దాంతోనే చేసేవాళ్ళనీ చెప్తే మాత్రం నమ్మలేదు.

సంతలో ఆడవాళ్ళనందరినీ గ్వెరీతా అని పిలుస్తారు, "ఏం కావాలి గ్వెరీతా" అని. అంటే తెల్లపిల్లా అని. రంగుతో పని లేదు, అమ్మకం జరగాలంటే అందరూ తెల్లవాళ్ళే. పెళ్ళిచూపుల్లో "పిల్ల కాస్త రంగు తక్కువ" అనిపించుకున్న నాకు మొదట్లో ఇది భలే నవ్వొచ్చేది, ఆలోచిస్తే కాస్త మండేది కూడా, పొగడాలంటే తెలుపే దొరికిందా వీళ్ళకీ అని. అమ్మకి అర్థం చెప్తే ఆ బాధేం పడలేదు. "ఇంకోసారి అనమను, మీ మేనత్తకి వీడియో కాల్ చేస్తా" అంది.

పాత ఇనుప సామాన్ల బండి రోజూ వీధిలోకి వస్తుంది, పరుపులు కొంటాం, ఫ్రిజ్‌లు కొంటాం, స్టవ్‌లు కొంటాం, పాత ఇనుము ఏదున్నా కొంటాం అని ఒక చిన్నపిల్ల గొంతు సాగదీస్తూ. అత్తయ్య రెండు వారాలు చూసి ఆగలేక "ఆ పిల్లని బడికి పంపరా, పొద్దున్నుంచీ అరుస్తూనే ఉంది పాపం" అన్నారు. అది రికార్డింగ్ అత్తయ్యా, ఎప్పుడో ఒకాయన కూతురితో చెప్పించి రికార్డు చేస్తే ఊరు ఊరంతా అదే వాడుతోంది, ఆ పిల్ల పెద్దదై ఎన్నేళ్ళో అయ్యుంటుంది అంటే కుదుటపడ్డారు.

ఎదురింటావిడ ఒకరోజు కాఫీకి పిలిచి (ఈసారి ఎవరింట్లోనో రెండుసార్లు అడిగా) వీళ్ళిద్దరూ అక్కచెల్లెళ్ళా అన్నారు. కాదండీ, మా అమ్మ, మా ఆయన వాళ్ళమ్మ అని నేను వేళ్ళతో బొమ్మ గీస్తుంటే "ఓ, కొన్‌స్వేగ్రాస్" అన్నారు ఠక్కున. వియ్యపురాళ్ళు! ఇంగ్లీష్‌లో ఇన్నేళ్ళు ఉద్యోగం చేసి వియ్యపురాలికి మాట దొరక్క మా కోడలి అమ్మగారు, మా అల్లుడి అమ్మగారు అని చుట్టూ తిరిగి చచ్చానే, వీళ్ళ దగ్గర రెడీగా ఉంది. తోడల్లుడు ఉన్నాడా అని అడిగా. ఉన్నాడు, కొన్‌కూఞో. తోడికోడలు? కొన్‌కూఞా. నాకు ఆ రోజు కలిగిన ఆనందం మా ఆయనకి ప్రమోషన్ వచ్చినప్పుడు కూడా కలగలేదు. మేం ఇలా చుట్టరికాలు లెక్కపెట్టుకుంటుంటే అత్తయ్య తుమ్మారు. ఆవిడ "సలూద్" అన్నారు, అదే క్షణంలో అమ్మ "చిరంజీవ" అంది, ఇద్దరూ ఒకర్నొకరు చూసుకున్నారు. మూడు తుమ్ములకి ఆరోగ్యం, డబ్బు, ప్రేమ అని వరసగా దీవిస్తారట ఇక్కడ కొందరు. అత్తయ్య రెండో తుమ్ము కోసం కాసేపు ప్రయత్నించారు గానీ రాలేదు.

వాళ్ళు వెళ్ళిపోయి చాలా నెలలైంది. సంతలో ఆకుకూరలమ్మే ఆవిడ అమ్మకి బాగా అలవాటు, ఆవిడేమో కట్ట మీద కట్ట వేస్తూనే ఉంటుంది, అమ్మ రెండు చేతులూ అడ్డం పెట్టి "చాలు, చాలు" అనేది, మూడు నెలలూ అదే తంతు. మొన్న బుధవారం నేనొక్కదాన్నే వెళ్ళా. బెర్దొలాగాస్ తూకం వేస్తూ నా మొహంలోకి చూసి "చాలూ, గ్వెరీతా?" అంది.

ఇంకో కట్ట వెయ్యమన్నా.